మొక్కజొన్న చేలో టెలిఫోను

విశ్వవిద్యాలయంలో అందరూ ఆమెను హలో అక్క అనేవారు. పేరు పెట్టి పిలిస్తే ఎవరినో పిలుస్తున్నారనుకుని పని చేసుకుంటూ పోయేది. స్విచ్‌బోర్డు ముందు కూర్చుని, తీగ చివర లైనులో గుచ్చి, "హలో, యూనివర్సిటీ" అని ఆమె అనే తీరు అందరి చెవుల్లో నాటుకుపోయింది. ఆ మాటలో "యూ" దగ్గర కొంచెం సాగదీసేది. కుర్రాళ్ళు హాస్టల్లో దాన్ని అనుకరించేవారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఒక్కోసారి వాళ్ళను ఏడిపించడానికి ఇంకాస్త సాగదీసేది.

ఆమె పుట్టిన ఇల్లు పట్నానికి అవతల, రోడ్డు వారగా ఉండేది. రోడ్డుకు ఒక పక్క తండ్రి మొక్కజొన్న చేను, రెండో పక్క ఇల్లు, బావి, దాని వెనక కూరగాయలకు వాడుకునే చిన్న ముక్క. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో డిగ్రీ చదవాలంటే రైలెక్కి రాజధానికి పోవాలి. పోగలిగినవాళ్ళు పోయేవారు, పోలేనివాళ్ళు కొట్లో పద్దులు రాస్తూ ఉండిపోయేవారు. మాకూ ఒక విశ్వవిద్యాలయం కావాలని వకీళ్ళు, వ్యాపారులు, విద్యార్థులు ఏళ్ళ తరబడి ఊరేగింపులు తీస్తే, చివరికి ప్రభుత్వం సరేనంది. సరేనంది గానీ, తలదాచుకోవడానికి గది ఇవ్వలేదు.

కాబట్టి విశ్వవిద్యాలయం ఒక పాత నూనె గిడ్డంగిలో మొదలైంది. చెక్క తడికలు అడ్డం పెట్టి తరగతులు చేశారు. ఇటుపక్క చరిత్ర, అటుపక్క లెక్కలు. చరిత్ర మేష్టారి గొంతు పెద్దది కావడంతో లెక్కల విద్యార్థులకు యుద్ధాలన్నీ నోటికి వచ్చేవని చెప్పుకుని నవ్వుకునేవారు. అప్పటి పుస్తకాలు కొన్ని ఈనాటికీ గ్రంథాలయంలో ఉన్నాయి. తెరిస్తే నూనె వాసన వస్తుంది.

గిడ్డంగి చాలకపోయేసరికి భూమి కోసం వెతికారు. రాళ్ళ నేల చవకగా దొరికేదే, కాని అక్కడ నీళ్ళు పడలేదు. బావులున్న పొలాల మీద కన్ను పడింది. ఒక ఉదయం కొలతల మనుషులు వచ్చి మొక్కజొన్న మొక్కల మధ్య మేకులు దిగ్గొట్టారు. తండ్రి గట్టు మీద నిలబడి చూస్తూ ఉండిపోయాడు. వాళ్ళు వెళ్ళాక అన్న వెళ్ళి మేకులన్నీ పీకి పారేశాడు. మర్నాడు వాళ్ళు మళ్ళీ వచ్చి మళ్ళీ కొట్టారు. ఈసారి అన్న చెయ్యి తండ్రి పట్టుకున్నాడు.

"పీకితే మేకు వస్తుందిరా. సర్కారు కాగితం ఊడిరాదు," అన్నాడు.

రోడ్డుకు అవతలి చేనంతా పోయింది. ఇల్లూ బావీ వెనక ముక్కా మిగిలాయి. పొలం పోయిన ప్రతి ఇంటికీ ఒక ఉద్యోగం అన్నారు. ఆ ఉద్యోగం అన్నకే అని అందరూ అనుకున్నారు. అన్న ససేమిరా అన్నాడు. మన పొలంలో మనమే కూలికి పోయినట్టు ఉంటుంది, అన్నాడు. తల్లి బతిమాలింది, చుట్టుపక్కలవాళ్ళు నచ్చజెప్పారు. అతను వినలేదు. ఇంటికి వచ్చిన ఉద్యోగం అలా వాకిట్లోనే నిలబడిపోయింది.

ఆ ఇంట్లో బడి చదువు పూర్తిచేసింది చెల్లెలు ఒక్కతే. నేను పోతానని ఆమె అనడానికి చాలా రోజులు పట్టింది. అన్నం దగ్గర అన్నది. తండ్రి ముద్ద పట్టుకుని ఆమె వైపు చూశాడు.

"వెళ్ళాలని ఉందా, వెళ్ళాలి కాబట్టి వెళ్తానంటున్నావా?"

"ఉంది నాన్నా."

"అయితే వెళ్ళు."

అన్న కంచం తీసుకుని బావి దగ్గరికి పోయి అక్కడ కూర్చుని తిన్నాడు. ఆ తరువాత ఆమెతో మాట్లాడటం మానెయ్యలేదు గానీ, తగ్గించేశాడు. మోటారు ఆపావా, అమ్మ ఎక్కడ, తలుపు వేసుకో. ఇంతవరకే.

మొదటి కట్టడం మూడు గదులు. చుట్టూ కోసేసిన మొక్కజొన్న మోళ్ళు. వానొస్తే రిజిస్ట్రారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చేవాడు. ఆమెకు ఇచ్చిన పని టెలిఫోను చూసుకోవడం. నల్లటి ఫోను ఒక్కటే, చెక్క స్టూలు మీద. మొదటి రోజు ఉదయం నుంచి దాని పక్కన ఒద్దికగా కూర్చుంది. మధ్యాహ్నం దాటాక మోగింది. ఎత్తి, ముందుగా అనుకున్న మాటలన్నీ మర్చిపోయి "హలో" అంది. అవతలివాళ్ళు, సిమెంటు ఎప్పుడు దించమంటారు, అని అడిగారు. ఎవర్ని అడగాలో తెలియక, ఇప్పుడే దించండి, అంది. లారీ వచ్చి వాకిట్లో దించేసి పోయింది. సాయంత్రం వాన పడింది. బస్తాల మీద కప్పడానికి రిజిస్ట్రారు కిటికీ తెరలు పీకించాల్సి వచ్చింది. ఆయన తిట్టలేదు. ఇకనుంచి ఎవరు ఏం అడిగినా, కనుక్కుని చెప్తాను, అనమన్నాడు. ఆమె ఉద్యోగ జీవితమంతా ఆ మాట మీదే నడిచింది.

తరువాత చిన్న స్విచ్‌బోర్డు వచ్చింది. పని నేర్పడానికి తపాలా శాఖలో పదవీ విరమణ చేసిన ఒక ఆపరేటరు పెద్దావిడ కొన్నాళ్ళు వచ్చింది. తీగలు ఎలా గుచ్చాలో, ట్రంకు కాల్ ఎలా అడగాలో ఒక పూటలో నేర్పేసింది. మిగతా రోజులన్నీ ఒక్క సంగతే నూరిపోసింది. లైను కలిసిందో లేదో తెలియాలంటే ఆపరేటరు ఒక క్షణం వినక తప్పదు. ఆ క్షణంలో చెవిన పడింది మన సొత్తు కాదు. "వినపడ్డం వేరు, వినడం వేరు. వినపడిందాన్ని అక్కడే వదిలేసి లేవాలి," అనేది. తాను పెళ్ళిళ్ళు కుదిరిన వార్తలు, దివాలా తీసిన వార్తలు అన్నీ చెవిన వేసుకుని ఎవరికీ చెప్పకుండా ముసలిదాన్నయ్యానని మురిసిపోయేది.

విశ్వవిద్యాలయం ఎలా పెరిగిందో మిగతావాళ్ళు కళ్ళతో చూస్తే, ఆమె చెవులతో చూసింది. మొదట్లో అన్నీ ఇటుకల వాళ్ళూ ఇసుక వాళ్ళూ చేసే ఫోన్లు. తరువాత తండ్రుల ఫోన్లు, మా అబ్బాయి ఉత్తరం రాయడంలేదు, బతికే ఉన్నాడా, అంటూ. రేకుల షెడ్డులో రసాయన శాస్త్రం మొదలైనప్పుడు గాజు సామాను పగిలిందని అరుపులు. ఆ తరువాత న్యాయశాస్త్రం, పనివాళ్ళ కోసం సాయంత్రం కాలేజీ, ఆడపిల్లల హాస్టలు. ఎక్కడో దూరదేశంలోని విశ్వవిద్యాలయం నుంచి మొదటిసారి ఫోను వచ్చినప్పుడు, భౌతికశాస్త్రం మేష్టారు భోజనం మధ్యలో ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చాడు. స్విచ్‌బోర్డు రెండుసార్లు మారింది. చివరికి గోడంత అయింది. విద్యార్థులు నీళ్ళ కోసం సమ్మె చేసినప్పుడు ఆఫీసుకు తాళం వేసి ఆమెను మాత్రం లోపల ఉండనిచ్చారు. హలో అక్క లేకపోతే మా ఇళ్ళకు కబురు ఎవరు చెప్తారు, అన్నారు.

పెళ్ళి కూడా ఆ తీగల మీదుగానే కుదిరింది. విశ్వవిద్యాలయం ప్రెస్సులో అక్షరాలు కూర్చే అతను రోజూ ఫోను చేసి టైమెంతయిందండీ అని అడిగేవాడు. ప్రెస్సులో గోడ గడియారం ఉన్న సంగతి ఆమెకు తెలుసు. కొన్నాళ్ళు చెప్పింది. ఒక రోజు, మీ గడియారం పాడైతే బాగుచేయించుకోండి, అంది. "గడియారం బాగానే ఉందండీ, నేనే పాడయ్యాను," అన్నాడతను. ఆ మాటకు ఆమె తీగ లాగేసింది. కాని ఆ సాయంత్రం ఇంటికి పోతూ ప్రెస్సు ముందునుంచి పోయే దారి పట్టింది.

పెళ్ళికి అన్న వచ్చాడు, ఒక మూల నిలబడ్డాడు, భోజనం చేయకుండా వెళ్ళాడు. తండ్రి పోయాక ఇల్లూ బావీ అన్నవయ్యాయి. అతను, వదిన, ఒక ఆడపిల్ల. వదిన మాట తక్కువ మనిషి. వంకాయలో బెండకాయలో కోసినప్పుడల్లా ఒక సంచీ నింపి, రోడ్డు దాటి, విశ్వవిద్యాలయం గేటు కాపలావాడి దగ్గర పెట్టి పోయేది. ఆ సంచీ ఎవరిదో ఎవరూ అడగలేదు. ఖాళీ సంచీ మళ్ళీ కాపలావాడి దగ్గరికే చేరేది.

అలా ఏళ్ళు గడిచాయి. ఆమె జుట్టు నెరవడం మొదలైన రోజుల్లో ఇంజనీరింగు విభాగం పెడతామని కబురు వచ్చింది. పట్నమంతా సంబరపడింది. దానికి స్థలం కావాలి. ఎక్కడ కడతారన్నది ఎవరికీ తెలియదు.

ఒక ఉదయం రిజిస్ట్రారు, అప్పటికి మూడో మనిషి ఆ కుర్చీలో, భూముల కార్యాలయానికి లైను అడిగాడు. ఆమె కలిపింది. కలిసిందో లేదోనని అలవాటుగా చెవి పెట్టింది. "రోడ్డుకు అటుపక్క, ఆ ఇల్లూ బావీ ఉన్న ముక్క..." అని వినపడింది. అక్కడ ఆ వర్ణనకు సరిపోయే ఇల్లు ఒక్కటే. చెయ్యి వెంటనే వినే మీట వెనక్కి నెట్టేయాలి. నెట్టలేదు. నోటీసు వచ్చే నెలలో ఇవ్వచ్చు, అప్పటిదాకా బయటపడనివ్వకండి, అన్నదాకా విన్నది. ఆ పూట గ్రంథాలయం అడిగినవాళ్ళకు ఆసుపత్రి, ఆసుపత్రి అడిగినవాళ్ళకు ప్రెస్సు కలిపింది.

ప్రెస్సులో ఫోనెత్తిన భర్తకు ఆమె గొంతు తేడా తెలిసిపోయింది. సాయంత్రం ఇంట్లో అంతా విన్నాడు. ఎప్పుడూ ఏదో ఒక చమత్కారం చేసే మనిషి, ఆ రోజు చెయ్యలేదు.

"వినపడిందా, విన్నావా?" అని అడిగాడు.

"విన్నాను."

"అయితే ఇక నీది కాదని అనుకోలేవు."

ఆమె ఆ పెద్దావిడను తలుచుకుంది. ఆవిడ పోయి చాలా కాలమైంది. ఉంటే ఏమనేదో ఆమెకు తెలుసు. లేచి రావాలి, వదిలేయాలి. ఇన్నేళ్ళూ అలాగే చేసింది. ఎవరి ఉద్యోగం పోబోతోందో, ఎవరి పరీక్ష పోయిందో, ఎవరు ఎవరిమీద ఏం చెప్పారో అన్నీ విని మర్చిపోయింది. అదే ఆమె గౌరవం. ఇప్పుడు చెబితే ఆ గౌరవం పోతుంది. చెప్పకపోతే, నోటీసు వచ్చిన రోజు అన్న ఆమె ముఖం చూసి, నీకు ముందే తెలుసా, అని అడుగుతాడు. దానికి అబద్ధం చెప్పడం ఆమె వల్ల కాదు.

మర్నాడు పనిలోకి వెళ్ళకముందే వైస్ ఛాన్సలర్ గది ముందు నిలబడింది. ఆయన ఒకప్పుడు నూనె గిడ్డంగిలో తడికకు అటుపక్క పాఠం చెప్పిన లెక్కల మేష్టారే. ఆమె ఎప్పుడూ ఆ గదిలోకి వచ్చింది లేదు కాబట్టి, ఆయన కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు.

ఆమె నిలబడే చెప్పింది. నిన్న ఒక కాల్ కలుపుతూ తాను వినకూడనిది విన్నానని, అది తన అన్న ఇంటి సంగతని, ఈ సాయంత్రం అన్నకు చెప్పబోతున్నానని.

"చెప్పొద్దు అని నేనంటే?"

"అయినా చెప్తానండీ."

"మరి నన్ను అడగడం ఎందుకమ్మా?"

"అడగటంలేదండీ. మీకు తెలియకుండా చెయ్యడం ఇష్టంలేక చెప్తున్నాను."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. మీ నాన్నగారి పొలం తీసుకున్నప్పుడు ఎవరైనా వచ్చి అడిగారా, అన్నాడు. కాగితం వచ్చిందండీ, అంది. సాయంత్రం నేనూ వస్తాను, అన్నాడు.

కారు తీసుకోలేదు. ఇద్దరూ నడిచి రోడ్డు దాటారు. అన్న బావి దగ్గర మోటారు విప్పుకుని కూర్చున్నాడు, చేతులనిండా నల్లటి జిడ్డు. చెల్లెల్ని చూశాడు, పక్కనున్న మనిషిని చూశాడు, మళ్ళీ మోటారు వైపు తిరిగాడు. వదిన లోపలినుంచి కుర్చీ తెచ్చి వేసింది. వైస్ ఛాన్సలర్ కూర్చోలేదు. వచ్చిన పని చెప్పాడు. ఇంజనీరింగు విభాగానికి ఈ ముక్క కావాలని మావాళ్ళు అనుకుంటున్నారు, మీకు తెలియకుండా జరగకూడదని వచ్చాను, అన్నాడు.

అన్న గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"పొలం తీసుకున్నారు. చెల్లెల్ని తీసుకున్నారు. ఇంకా ఏం మిగిలిందని వచ్చారు?"

"నన్నెవరూ తీసుకోలేదు. నేనే వెళ్ళాను," అంది ఆమె.

"నీతో మాట్లాడటంలేదు," అన్నాడు అన్న.

వైస్ ఛాన్సలర్ తనకు చేతనైనంతే చెప్పాడు. తానొక్కడూ ఆపలేనని, కమిటీ ఉందని, కమిటీ ముందుకు వచ్చి మీ మాట మీరే చెప్పుకుంటే వినేలా చూస్తానని. అన్న వస్తానని గాని రానని గాని అనలేదు. వాళ్ళు గేటు దాటాక వదిన వెనకనుంచి వచ్చి, ఆయన వస్తారండీ, అని మెల్లిగా చెప్పి వెళ్ళింది.

అన్న వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, విశ్వవిద్యాలయం గేటులో జీవితంలో మొదటిసారి కాలు పెట్టి, కమిటీ ముందు పొడవాటి బల్లకు ఒక చివర కూర్చున్నాడు. అతను ఏం మాట్లాడాడో ఆమెకు తెలియదు. ఆమె స్విచ్‌బోర్డు దగ్గర ఉంది. తెలిసిందల్లా ఫలితమే. ఇల్లూ బావీ, వెనక ముక్కలో సగమూ వదిలేశారు. మిగతా సగం, రోడ్డుదాకా ఉన్న సన్నటి పట్టీ, తీసుకున్నారు. స్థలం తగ్గేసరికి కట్టడం పక్కకు పెరగలేక పైకి పెరిగింది. సన్నగా, పొడుగ్గా లేచిన ఆ భవనాన్ని విద్యార్థులు అగ్గిపెట్టె అన్నారు. లోపల ఎవరు మేజా లాగినా కింది అంతస్తువాళ్ళు తల పైకెత్తి తిట్టేవారు.

సగం దక్కినందుకు అన్న సంతోషించలేదు. పట్టీలో ఉన్నదే మంచి మట్టి. సగం లాక్కుని సగం వదిలితే దాన్ని దయ అంటారా, అన్నాడట వదినతో. ఇదివరకు మాట్లాడే ఆ నాలుగు ముక్కలూ చెల్లెలితో మానేశాడు. కాపలావాడి దగ్గర కూరగాయల సంచీ మాత్రం ఆగలేదు.

రెండో దెబ్బ ఇవతలినుంచి తగిలింది. ఫోన్లు వినే మనిషి స్విచ్‌బోర్డు దగ్గర ఎలా ఉంటుంది, అని రిజిస్ట్రారు పట్టుబట్టాడు. వైస్ ఛాన్సలర్ ఆమెను పిలిచి తానే చెప్పాడు.

"నీ మీద నాకు కోపం లేదమ్మా. నీ స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణేమో. కాని రేపు ఇక్కడ ఎవరు ఫోనెత్తినా, ఆమె వింటోందేమో అనుకుంటారు. అలా అనుకుంటూ మాట్లాడలేరు."

ఆమె తల ఊపింది. అది న్యాయమేనని ఆమెకూ అనిపించింది. న్యాయమని తెలిసినంత మాత్రాన బాధ తగ్గలేదు. హెడ్‌ఫోను తీసి కొక్కేనికి తగిలించి, సీట్లో వేసుకునే చిన్న దిండు చంకన పెట్టుకుని బయటికి నడిచింది. స్విచ్‌బోర్డుకు వచ్చిన కొత్త పిల్ల ఆమెకు ఎదురొచ్చి, ఏమనాలో తెలియక, నమస్కారం పెట్టింది. ఆ నెలంతా ఇంట్లో ఫోను మోగితే ఆమె ఎత్తలేదు. భర్త ఎత్తేవాడు.

ఆమెను విచారణ కిటికీకి వేశారు. అంటే ఒక అద్దం, అద్దానికి గుండ్రటి కన్నం, అవతల జనం. దరఖాస్తు ఎక్కడ, హాస్టలు ఎక్కడ, ఫలితాలు ఎప్పుడు. మొదటి రోజుల్లో అది శిక్షలాగే ఉండేది. గొంతులతో బతికిన మనిషికి ముఖాలు కొత్త. జనం ఎదురుగా ఉన్నా ఆమె కళ్ళు దించుకుని చెవి మాత్రమే అటు పెట్టేది.

మెల్లిగా అలవాటైంది. కిటికీ దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది, తమ ఇంట్లో మొదటిసారి కాలేజీ గుమ్మం తొక్కుతున్నవాళ్ళు. పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ సంచీలో చుట్టి గుండెకు అదుముకుని నిలబడే తండ్రులు. సెమిస్టరంటే ఏమిటో తెలియక, అడిగితే నవ్వుతారని అడక్క, సరే సరే అంటూ వెనక్కి తిరిగేవాళ్ళు. వాళ్ళ వీపు చూసి ఆమెకు అర్థమయ్యేది. కన్నంలోంచి కేకేసి వెనక్కి పిలిచేది. "ఇలా రండి. మీకు నేను సరిగ్గా చెప్పలేదు," అనేది. తప్పు తనమీద వేసుకుంటే వాళ్ళు సిగ్గు పడకుండా మళ్ళీ వినేవారు. ఒకాయన ఆమె మాట వింటూ వింటూ ఆగిపోయి, మీరు ఫోనులో ఉండేవారు కదూ, అన్నాడు. ఒకప్పుడు కొడుకు జ్వరం సంగతి ఆమే కనుక్కుని చెప్పిందట. ఇప్పుడు మనవరాలిని తీసుకొచ్చాడు. ఆ రోజు ఇంటికి వెళ్ళి చాలా రోజుల తరువాత ఫోను తానే ఎత్తింది.

ఇంతలో అన్న కూతురు పెద్దదైంది. చదువులో చురుకు. మట్టి గురించి చదవాలన్నది దాని పట్టు, ఆ శాఖ ఇక్కడే ఉంది. ఎక్కడైనా చదువు, అక్కడ తప్ప, అన్నాడు అన్న. దూరంగా మరో పట్నంలో చేర్పించే ఏర్పాట్లు చేస్తున్నాడు. అప్పుడు వదిన నోరు విప్పింది. ఆమె గట్టిగా మాట్లాడటం కూతురు అదే మొదటిసారి విన్నదట.

"మన గోడ పక్కనే కాలేజీ పెట్టుకుని, పిల్లను ఊరవతల అద్దె గదిలో పడేస్తావా? కోపం నీది. ఆ కోపానికి బస్సుల్లో నిలబడాల్సింది పిల్లా?"

అన్న ఆ ఏర్పాట్లు ఆపేశాడు.

దరఖాస్తుల రోజుల్లో ఒక ఉదయం ఆమె తలెత్తేసరికి, కిటికీ ముందున్న వరసలో అన్న కనిపించాడు. పక్కన మేనకోడలు. అతను ముందుకు తోసుకురాలేదు. వరసలో తన వంతు వచ్చేదాకా నిలబడ్డాడు. వంతు వచ్చింది. అద్దానికి అటు అన్న, ఇటు చెల్లెలు. అన్న గొంతు సవరించుకున్నాడు.

"ఏమండీ, దరఖాస్తు ఇక్కడేనా ఇచ్చేది?"

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెండూ మింగేసింది.

"ఇక్కడేనండీ. ఎవరికి?"

"మా అమ్మాయికి."

"ఏం చదువుతుందట?"

"నన్నడుగుతారేం? నా మాట వింటే కదా."

"ఇంట్లో ఎవరి పోలికండీ?"

అన్న ఒక్క క్షణం ఆగాడు. "మేనత్త పోలిక," అన్నాడు.

"అత్తా, ఏంటిది, వెనక ఇంతమంది ఉన్నారు," అంది మేనకోడలు. వరసలో ఉన్నవాళ్ళకు సంగతి సగం అర్థమై నవ్వడం మొదలుపెట్టారు. ఆమె దరఖాస్తు కన్నంలోంచి ఇస్తే, అన్న అందుకుని, ఎక్కడ సంతకం పెట్టాలో చూపించమన్నాడు. వేలు అద్దం మీద ఆనించి చూపించింది. సంతకం పెడుతూ, తలెత్తకుండా, "బావ బాగున్నాడా?" అన్నాడు. ఆమె బాగున్నాడంది. అంతే. అంతకన్నా ఎక్కువ ఆ రోజు ఇద్దరికీ చేతకాలేదు. మర్నాడు మాత్రం కూరగాయల సంచీ కాపలావాడి దగ్గర ఆగలేదు. అన్నే తెచ్చి, కిటికీ కన్నంలో పట్టదని, పక్క తలుపు తట్టి ఇచ్చి వెళ్ళాడు.

మేనకోడలు చదువు ముగించి, మరో జిల్లాలో మట్టి పరీక్షలు చేసే కేంద్రంలో చేరింది. హలో అక్క పదవీ విరమణ చేసింది. స్విచ్‌బోర్డు ఎప్పుడో పోయింది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక, ఆ గదిలో ఫొటోకాపీ యంత్రాలు పెట్టారు. విశ్వవిద్యాలయం ఇప్పుడు చిన్న పట్నమంత ఉంది. దాని అనుబంధ కాలేజీలు ఎక్కడెక్కడ ఉన్నాయో పాత ఉద్యోగులకు కూడా తెలియదు.

యాభై ఏళ్ళ పండక్కి పుస్తకం వేయాలని, పాతవాళ్ళ మాటలు రికార్డు చేయమని చరిత్ర విభాగానికి చెప్పారు. ఒక పరిశోధక విద్యార్థిని ఆమె ఇంటికి వెళ్ళి అడిగింది. ఒక్కదాన్నే రాను, అన్నయ్య కూడా వస్తాడు, అంది ఆమె. అన్నకు అప్పటికి మోకాళ్ళ నొప్పులు. రికార్డింగు గది అగ్గిపెట్టె పై అంతస్తులో ఉంది. తన మంచి మట్టి మీద లేచిన ఆ భవనంలోకి లిఫ్టులో వెళ్తూ, ఇది నన్ను ఎక్కడ దింపుతుందో, అని గోడ పట్టుకుని నిలబడ్డాడట.

ఆ పిల్ల అడిగింది చెల్లెల్ని, మాట్లాడింది అన్న. మొదటి కట్టడం ఎక్కడ వచ్చిందని అడిగితే, చేను మధ్యలో అన్నాడు. మధ్యలో కాదు, తూర్పు గట్టు దగ్గర, అంది ఆమె. నీకేం తెలుసు, నువ్వు ఎప్పుడైనా నీళ్ళు పెట్టావా, అన్నాడు. నీళ్ళు పెట్టకపోయినా ఇరవై ఏళ్ళు ఆ గదిలో కూర్చున్నానంది. ఇద్దరూ కిటికీ దగ్గరికి వెళ్ళి కిందికి వేలు చూపిస్తూ వాదించుకున్నారు. రికార్డు చేసే యంత్రం తిరుగుతూనే ఉంది. కింద ఇప్పుడు సైకిళ్ళు పెట్టుకునే చోటు, ఒక ఫలహారశాల, బస్సు కోసం నిలబడ్డ ఆడపిల్లలు.

వాళ్ళు మళ్ళీ కూర్చున్నాక, ఆ విద్యార్థిని కాస్త సందేహిస్తూ అన్నను అడిగింది. తాతగారూ, ఈ యూనివర్సిటీ రాకపోయి ఉంటే బాగుండేదంటారా, అని.

"బాగుండేది," అన్నాడు అన్న, తడుముకోకుండా. "మా నాన్న ఇంకో పదేళ్ళు బతికేవాడు. అది రాసుకో."

ఆ పిల్ల తలవంచుకుంది. తరువాత అన్న మోకాలు నిమురుకుంటూ, ఎటో చూస్తూ అన్నాడు.

"ఇది మాత్రం ఆ ఇంట్లో ఉంటే ఎండిపోయేది. చిన్నప్పటి నుంచీ దానికి మనుషులు కావాలి. అక్కడ మేం నలుగురమే. అందుకే నేను ఆ ఉద్యోగం వద్దన్నాక, దాన్ని ఆపలేదు. కోప్పడ్డాను గానీ, ఆపలేదు. ఆపగలిగేవాణ్ణి."

ఆమె ఇన్నేళ్ళలో ఆ మాట ఎన్నడూ వినలేదు. విద్యార్థిని నీళ్ళ గ్లాసు ఆమె ముందుకు జరిపింది. ఆమె తాగలేదు, అన్న వైపు జరిపింది. అతను తాగాడు. తాగి, ఆ యంత్రం ఇంకా తిరుగుతోందా, అని అడిగాడు. తిరుగుతోందని చెబితే, అయితే ఆ తూర్పు గట్టు సంగతి కొట్టెయ్యి, చేను మధ్యలోనే అని రాసుకో, అన్నాడు.

ఇద్దరూ లిఫ్టు వద్దని మెట్లమీద దిగారు. అన్న ప్రతి మలుపులోనూ ఆగి ఆయాసం తీర్చుకున్నాడు. ఆమె ఒక మెట్టు కింద నిలబడి, భుజం అందించి, అతను మళ్ళీ కదిలేదాకా ఎదురుచూసింది.